నౌకరి దిగేనాడు రాసే ఉత్తరం

మా మనుమరాలు హైదరాబాద్‌ల మూడేండ్లు చేసిన నౌకరి ఇడిచిపెడుతున్నది. తోటోళ్ళకు పంపే ఉత్తరాన్ని పోయిన నెల ఫోన్ల నాకు చదివి వినిపించింది. అంతా ఇంగ్లీషే. నా ప్రయాణంల భాగమైన ప్రతి ఒక్కరికి అని మొదలై, ఎన్నో తీపి జ్ఞాపకాలు మోసుకపోతున్న అని అయిపోయింది. విని, "బిడ్డా, కింద నీ పేరు తీసేసి నా పేరు పెట్టు. ఇదే కాయితంతోని నేను సుత రిటైర్ కావచ్చు" అన్న. ఫోన్ పెట్టేసింది. తెల్లారి మళ్ళ చేసి, "అయితే ఎట్ల రాయాల్నో చెప్పు తాతా" అన్నది. ఫోన్ల అయ్యే ముచ్చట కాదు, రాసి పంపుత అన్న. రాసుడు మొదలువెడితే ఇంతయింది.

నేనుండేది నస్పూర్‌ల. 1982ల సింగరేణిల బదిలీ ఫిల్లర్‌గ, అంటే ఎవరన్న రాని నాడు బొగ్గు నింపే పనికి, బొగ్గు బాయి దిగిన. పదో తరగతి పాసై ఉన్నందుకు కొన్నేండ్లకు మస్టర్ క్లర్కును, అంటే హాజరు రాసేటోన్ని, చేసిన్రు. 2016 ఆగస్టు 31న దిగిపోయిన. నేను దిగేనాడు మాది ఆదిలాబాద్ జిల్లా, నలభై ఒక్క రోజులకు మంచిర్యాల జిల్లా అయింది. "నువ్వు పోతెనే జిల్లా వచ్చింది" అని మావోళ్ళు ఇప్పటికి ఎక్కిరిస్తరు. మస్టర్ రాసేటోని చేతిరాత బాయి మీద అందరికి ఎరుకే. లీవు కాయితం నుంచి బొగ్గుగనుల పీఎఫ్ (సీఎంపీఎఫ్) నామినేషన్ ఫారం దాక నా టేబుల్ మీదనే నిండేది. దిగిపోయేటోళ్ళ ఉత్తరాలు సుత అట్లనే నా మీద పడ్డయి. సింగరేణిల ఒకప్పుడు లక్ష మందికి పైన పనిచేసిన్రు, ఇప్పుడు నలభై వేల చుట్టు ఉన్నరు. ఆ నడుమ దిగిపోయినోళ్ళల్ల కొందరి మాటలు నా పెన్నుల నుంచి పోయినయి, అంతే. అండ్ల చెడగొట్టినయి కొన్ని, కుదిరినయి కొన్ని.

1. రాజీనామా కాయితం వేరు, వీడ్కోలు ఉత్తరం వేరు

రెండింటిని ఒక్కదాంట్ల కలిపితే రెండూ చెడిపోతయి. ఆఫీసుకు కావాల్సింది తేది, నంబరు, సంతకం. నీ మనసుల ఏమున్నదో ఆ ఫైలుకు అక్కరలేదు.

సుభాష్ చంద్రబోస్ ఐసీఎస్ ఇడిచిపెట్టిన కాయితం సూడు. 1921 ఏప్రిల్ 22న లండన్ల ఉండే ఇండియా వ్యవహారాల మంత్రి మాంటెగ్యూకు రాసిండు. ప్రొబేషనర్ల జాబితాల నుంచి నా పేరు తీసెయ్యుండ్రి, ఇప్పటిదాక అలవెన్సు కింద వంద పౌండ్లు తీసుకున్న, రాజీనామా ఒప్పుకోంగనే ఆ పైసలు కట్టేస్త అని లెక్క చెప్పిండు. దేశం మీది ప్రేమ, గుండెల మంట అండ్ల ఏం లేదు. అదంత వాళ్ళన్న శరత్‌కు రాసిన ఉత్తరాలల్ల ఉన్నది. దేశం కోసం నౌకరి ఇడిచినాయననే ఆఫీసు కాయితంల గుండె తీసి పెట్టలే, మనమెంత?

బాయి మీద సుత ఇంతే. గ్రాట్యుటీ లెక్క నేను నిద్రల లేపినా చెప్పుత: ఆఖరు నెల జీతాన్ని 26తోని భాగించి, 15తోని గుణించి, ఎన్నేండ్లు చేసినవో దానితోని మళ్ళ గుణించాలె. ఆ లెక్కకు ఒక కాయితం ఉన్నది. ఆ కాయితంల ఎక్కని బాకీలు శాన ఉంటయి, వీడ్కోలు ఉత్తరం వాటికి.

2. నీకు తప్ప ఇంకొకరికి తెల్వని ముచ్చట ఒక్కటన్న ఉండాలె

నేను రాసిన మొదటి వీడ్కోలు ఉత్తరం యాదికొస్తే ఇప్పటికి సిగ్గయితది. బొగ్గు టబ్బులు గుంజే హాలర్ నడిపే ఆయన దిగిపోతున్నడు. "రెండు ముక్కలు రాసియ్యి సారూ, మైకుల చదివిద్దాం" అన్నడు. నేను పెద్ద పండితుని లెక్క కూసున్న. గౌరవనీయులైన, సహృదయులైన, చిరస్మరణీయమైన, ఎక్కడెక్కడి మాటలు తెచ్చి కుప్ప పోసిన. సభల నేనే చదివిన. చప్పట్లు కొట్టిన్రు. అప్పుడే సమోసాల గంప లోపటికి వచ్చింది, దాన్ని చూసి కొట్టిన్రో, ఉత్తరానికి కొట్టిన్రో తెల్వది. వారానికి ఆయన కూరగాయల కాడ కలిసిండు. సంచిల సొరకాయ పెట్టుకుంట, "మంచిగనే రాసినవ్ సారూ. గని అండ్ల నేను లేను" అన్నడు. కోపంగ అనలే. సొరకాయ ధర చెప్పినట్టు చెప్పిండు.

అప్పటి నుంచి ఎవరొచ్చినా పెన్ను తియ్యక ముందు మూడు అడిగేది. నీతోని రోజు ఛాయ్ తాగింది ఎవరు? నువ్వు నాగా పెట్టిన నాడు నీ గురించి అడిగింది ఎవరు? పైసలు కాకుండ నువ్వెవరికన్న బాకీ ఉన్నవా? మొదటి రెండింటికి టక్కున చెప్పెటోళ్ళు. మూడోదానికి నెత్తి గోక్కునేటోళ్ళు. అప్పుడు నేనే ఛాయ్ చెప్పి ఆగేది.

బాయిల పైకప్పుకు ఆసరాలు పెట్టే ఒక సపోర్ట్‌మెన్ అట్ల శానసేపు కూసొని, ల్యాంప్ రూం ఆయన గురించి చెప్పిండు. ఇప్పటి పిల్లలకు తెల్వది గని, పాత క్యాప్ ల్యాంపుల బ్యాటరీ నడుముకు బెల్టుతోని కట్టుకునేది, అండ్ల యాసిడ్ ఉండేది. మూత కాడ చెమ్మ ఉంటే ప్యాంటుకు అంటి, ఉతికిన నాడు ఆ జాగల పొక్క తేలేది. ఈ ల్యాంప్ రూం ఆయన కిటికీల నుంచి ల్యాంప్ ఇచ్చేముందు పాత లుంగి ముక్కతోని బ్యాటరీ మూత తుడిచేటోడు. తర్వాత కేబుల్ పొంటి చెయ్యి జరుపుకుంట నెత్తి దీపం దాక పోయి, స్విచ్చి తిప్పి, ఎలుగును తన అరచేతిల పట్టి చూసేటోడు. అప్పుడు ఇచ్చేటోడు. వెనుక ఎంత లైన్ ఉన్నా, ఎవరు ఎంత లొల్లి చేసినా అంతే. "పంతొమ్మిదేండ్ల సంది నా ప్యాంటుకు పొక్క పడలే సారూ" అన్నడు సపోర్ట్‌మెన్.

అదే రాసిన, ఒక్క అక్షరం మార్చలే. సభల చదువుతుంటే ల్యాంప్ రూం ఆయన వెనుక గోడకు ఆనుకొని నిలబడి ఉన్నడు, డ్యూటీ నడుమల వచ్చిండు, ఆ లుంగి ముక్క భుజం మీదనే ఉన్నది. అందరు తిరిగి చూసేసరికి దాన్ని తీసి, మడతపెట్టి, జేబుల పెట్టుకున్నడు.

ఇది రాసుకుంట మనుమరాలికి ఫోన్ల చెప్పి, "నీ ఆఫీసుల నీకు ల్యాంప్ తుడిచిచ్చింది ఎవరు?" అని అడిగిన. మా మేనేజర్ మంచోడు అన్నది. మంచోడంటే ఏం చేసిండు అంటే చెప్పలేకపోయింది. కొంచెం సేపటికి, రాత్రి షిఫ్టుల దించే క్యాబ్ డ్రైవర్ ముచ్చట తీసింది. ఆమె హాస్టల్ గేటు తీసి లోపటికి పోయేదాక హెడ్‌లైట్లు వేసి ఆగేటోడట. "మరి నీ ఉత్తరంల ఆయన లేడు గదా?" అన్న. "ఆయనకు ఆఫీసు మెయిల్ ఉండది తాతా." "అయితే కాయితం మీద రాయి."

3. కోపాన్ని వేరే కాయితం మీద రాయి

ఇండ్ల తప్పు నాదే. నా పక్క టేబుల్ మీద ఒకాయన ఉండేటోడు, పేరెందుకు. ఇద్దరి నడుమ ఒక్కటే టేబుల్ ఫ్యాను. అది ఎటు దిక్కు తిరగాలె అన్న కాడ మాటా మాటా పెరిగి, పదకొండేండ్లు మాట్లాడుకోలే. ఎండకాలం మా దిక్కు ఎట్లుంటదో తెలిసినోళ్ళకు ఇది చిన్న ముచ్చట అనిపియ్యది. నేను దిగిపోయే నెలల నాలుగు పేజీల ఉత్తరం రాసుకున్న. ధన్యవాదాలు ఒక పేజి, ఫ్యాను మూడు పేజీలు. పేరు పెట్టలే గని అందరికి తెలిసేటట్టే రాసిన, అది ఇంకా చెడ్డ పని. మా ఇంటామె చదివి, "ఇది ఉత్తరమా, పంచాతా?" అన్నది. తెల్లారి ఛాయ్ పెట్టేటప్పుడు ఆ మూడు పేజీలు పొయ్యిల పెట్టింది.

రెండోసారి రాస్తుంటే ఆయన గురించి ఒక్క మంచి మాట దొరకవట్టుకునేటందుకు రెండు రోజులు పట్టింది. మస్టర్‌ల నేను తప్పు కొట్టిన కాడల్ల ఆయన పెన్సిల్‌తోని సన్నగ చుక్క పెట్టెటోడు. పైకి చెప్పకపోవు, నేను చూసి దిద్దుకునేది. మాటలు లేని పదకొండేండ్లు సుత ఆ చుక్కలు ఆగలే. అదే రాసిన. సభల చదివినప్పుడు ఆయన నా దిక్కు చూడలే, పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసిండు.

కోపంతోని రాసి పేరు తెచ్చుకున్నోళ్ళు లేరా అంటే ఉన్నరు. అమెరికాల ఫాక్నర్ అనే రచయిత 1924ల పోస్టాఫీసు నౌకరి ఇడిచిపెడుతు, స్టాంపు కొనే ప్రతివానికి లొంగి ఉండుడు నాతోని కాదు అన్నట్టు కాయితం పెట్టిండు. ఇప్పటికి జనం దాన్ని చెప్పుకొని నవ్వుకుంటరు. గని ఆయనకు పాతికేండ్లకు నోబెల్ బహుమతి వచ్చింది గాబట్టి ఆ కాయితం మిగిలింది. మనకు వచ్చేటట్టు లేదు.

ఇంకొక ముచ్చట చెప్పకపోతే నన్ను తప్పు అర్థం చేసుకుంటవు. అన్యాయం మీద నోరు మూసుకొమ్మని నేను చెప్పుతలేను. అంబేద్కర్ 1951 సెప్టెంబర్‌ల నెహ్రూకు రాజీనామా ఇచ్చి, అక్టోబర్ 10న ఎందుకు దిగిపోతున్నడో పార్లమెంటుల చెప్పబోతే, ముందుగాల కాపీ ఇయ్యమన్నరు. లేచి బయటికొచ్చి పత్రికలోళ్ళకు ఇచ్చిండు. హిందూ కోడ్ బిల్లు అటకెక్కింది అండ్ల ఒక కారణం. మన ఆసిఫాబాద్ దిక్కు వాంకిడిల పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ 1969ల తెలంగాణ కోసం మంత్రి పదవి ఇడిచిపెట్టిండు. వాళ్ళు జనానికి జవాబు చెప్పాల్సినోళ్ళు, కారణం చెప్పుడు వాళ్ళ పని. నా ఫ్యానుకు ఏ జనం జవాబు అడుగలే. నీది బిల్లో ఫ్యానో ముందుగాల తేల్చుకో.

4. ఒక్క పేజి

మా దిక్కు పాత కార్మికులల్ల శానమందికి పుట్టిన తేది జూలై 1. బడిల చేర్చిన పంతులు ఏ తేది రాస్తే అదే పుట్టినరోజు. ఒకటో తారీఖున పుట్టినోళ్ళు ముందు నెల ఆఖరు రోజునే దిగిపోవాలె. అందుకే జూన్ 30 వచ్చిందంటే సన్మానం కుర్చీలు సరిపోవు. అన్ని శాలువలు, అన్ని దండలు, అన్ని ఉపన్యాసాలు, అవతల సెకండ్ షిఫ్టోళ్ళు గడియారం చూస్తుంటరు. అసొంటి సభల రెండో పేజి తిప్పినోని ఉత్తరం ఎవ్వరు వినలే.

5. నీ కుర్చిల వచ్చేటోనికి పనికొచ్చేది రాయి

ఒకాయన మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోయిండు, ఆయన జాగల కొడుకుకు నౌకరి వచ్చింది. కొడుకుకు ఉత్తరం రాసియ్యమన్నడు. తాగకు, సంఘం లొల్లిల పడకు, అమ్మను మంచిగ చూసుకో, పైసలు కూడబెట్టు, ఇట్ల పద్దెనిమిది దాక చెప్పిండు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంట చెప్పిండు పాపం. నేను పెన్ను మూసి, "ఇవన్ని వాడు ఇంట్ల రోజు ఇంటనే ఉన్నడు. బాయిల నీకే ఎరుకైంది ఏమన్న ఉంటే చెప్పు" అన్న.

జర ఆలోచించి, "మ్యాన్‌వేల దిగేటప్పుడు ఎడమ దిక్కు మెట్లు వానకాలం జారుతయి. కుడి దిక్కు గోడ పట్టుకొని దిగాలె. ఎక్కేటప్పుడు తొందరపడొద్దు, నడుమల ఒక్కసారి కూసోవాలె. ఎక్కడ కూసున్నా పైకప్పు చూసి కూసోవాలె" అన్నడు. రాసుకుంట అడిగిన, నడుమల నువ్వు కూసునేది ఎక్కడ? ఆయన ఆ జాగ చెప్పిండు. అది రాసిన, అంతే. ఆ పిల్లగాడు ఇప్పుడు నలభై దాటినోడు, పోయినేడు పెండ్లి కాడ కనపడి, "ఇప్పటికి ఆడనే కూసుంట కాకా" అన్నడు.

నా కుర్చిల వచ్చిన పిల్లకు నేను రాసింది మూడు ముచ్చట్లు. బీరువ తాళం కొంచెం పైకి లేపి తిప్పితేనే తిరుగుతది. నెల మొదటి వారంల నీ కిటికీ కాడికి వచ్చి అరిచేటోళ్ళందరు నీ మీద అరుస్తలేరు, తక్కువ పడ్డ మస్టర్ మీద అరుస్తున్నరు. చదువురాని ఆయన వస్తే కాయితం తిప్పియ్యకు, నింపియ్యి, రెండు నిమిషాలు పడుతది. మొదటి ముచ్చటకే ఆమె నాకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది.

6. ఇంటోళ్ళను చివర్ల ఇరికియ్యకు

అన్ని ఉత్తరాలల్ల ఆఖరి లైన్ల, సహకరించిన కుటుంబ సభ్యులకు అని ఒక ముక్క ఉంటది. నేను రాసిన వాటిల్ల సుత ఉన్నది, శాన ఏండ్లు. మా ఇంటామెను అడిగితే, "నా పేరెందుకు, నేనేమన్న బాయి దిగిన్నా?" అన్నది.

దిగలే. గని నైట్ షిఫ్ట్ చేసి వచ్చినోడు పగలు పండుకోవాలంటే ఏం కావాల్నో ఆమెకే తెలుసు. క్లర్కు కాకముందు నాకు నైట్లు శాన పడేటియి. రెండు గదుల క్వార్టర్. కిటికీకి నల్ల దుప్పటి కట్టేది. పిల్లలను తీసుకపోయి ఎదురింటి వాకిట్ల కూసోబెట్టేది. కూరగాయల బండి ఆయన కాలనీ మూలమలుపు తిరుగంగనే గడప మీద నిలబడి రెండు చేతులు ఊపేది, ఆయన మా లైన్ దాటేదాక అరుచుడు బందు పెట్టి, అవుతల మళ్ళ మొదలువెట్టేటోడు. కుక్కర్ విజిల్ వస్తదని నేను లేచేదాక పప్పు పెట్టకపోవు. ఇవన్ని నాకు ఎరుకే లేదు, నేను నిద్రల ఉన్న గదా. నేను దిగిపోయినంక మా బిడ్డ చెప్పింది, చిన్నప్పుడు మేము గుసగుసలతోనే ఆడుకున్నం అని. ఉత్తరం అప్పటికే చదివేసిన. ఇది అండ్ల లేదు.

అందుకే అంటున్న, రాసేముందు ఇంట్ల అడుగు. "నువ్వు ఏం చేసినవ్" అని అడిగితే ఏం చెప్పరు. "ఏం చెయ్యకుండ ఆగినవ్" అని అడుగు.

7. చేతికి ఇయ్యి, ముందే ఇయ్యి

సభ అయినంక ఎవ్వరు దొరుకరు. మీ ఆఫీసులల్ల అయితే ఆఖరి రోజు సాయంత్రం మెయిల్ బందు చేస్తరట, జవాబులు వచ్చినా నీకు చేరవు. రెండు రోజుల ముందు పంపు, కింద నీ సొంత నంబరు పెట్టు. ఒక్కొక్కరికి ఇచ్చేదుంటే చేతులనే పెట్టు. ఇచ్చి ఆడనే నిలబడకు, వాళ్ళు నీ ముందట చదువలేరు.

ఆఖరి మాట ఏం పెట్టాలె అని అడిగినవ్ బిడ్డా. నాకు సుత అదే కష్టమైంది. మన దిక్కు గడప దాటేటోడు "పోతున్న" అనడు, "పోయొస్త" అంటడు. బాయి మీద అయితే ఈ మాట రోజుకు మూడు షిఫ్టులు వినపడుతది. 34 ఏండ్లు అన్న మాట ఆఖరి రోజు అనబోతే నోట్లనే ఆగింది, మళ్ళ వచ్చేది లేదు గదా. ఉత్తరం కింద సంతకం పెట్టి, టోకెన్ నంబరు రాసి ఇడిచిపెట్టిన. నీకు ఇంకా ఎన్నో ఆఫీసులు ఉన్నయి, నువ్వు పోయొస్త అని రాసుకోవచ్చు.

పోయిన నవంబర్‌ల పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యనీకి మంచిర్యాల బ్యాంకుకు పోయిన. లైన్ల నా ముందట ల్యాంప్ రూం ఆయన. ఆయన దిగేనాడు నేను ఆయనకు సుత ఒక ఉత్తరం రాసిచ్చిన, నా దిక్కు నుంచి, సగం పేజి. పాసుబుక్కు ప్లాస్టిక్ కవర్ల నుంచి ఆ కాయితం తీసిండు, మడతల కాడ చినిగి టేపు పెట్టి ఉన్నది. కండ్లద్దాలు ఇంట్ల మరిచిన్నని, చదువుమన్నడు. లైన్లనే మెల్లగ చదివిన. చదువుతుంటే కనపడింది, మొదటి లైన్లనే ఆయన పేరుల ఒత్తు తప్పు రాసిన. మస్టర్‌ల అన్నేండ్లు సక్కగ రాసిన పేరే.

"గిది తప్పు పోయింది గదనే, ఎన్నడు చెప్పకపోతివి?" అన్న. పెన్ను తీసిన దిద్దనీకి. కాయితం గుంజుకొని మడిచి కవర్ల పెట్టుకున్నడు. "ఉండనీయ్, నీ చేతిది" అన్నడు. అప్పటికి కౌంటర్ల పిల్ల ఆయన పేరు పిలుస్తున్నది.